పండక్కి గోడకు సున్నం వేస్తాం, మరి కప్పుకు?

సంక్రాంతి నెల పట్టగానే పల్నాడు పల్లెల్లో సున్నం బకెట్లు బయటికి వస్తాయి. గోడలు, అరుగులు, తులసికోట, చివరికి వాకిట్లో వేపచెట్టు మొదలు కూడా తెల్లబడతాయి. మా చిన్నమ్మ ఇంటి గోడలకు ఏ పండక్కీ సున్నం తప్పలేదు. ఆ గోడల మీద ఉన్న సిమెంటు రేకులకు మాత్రం, అవి వేసిన పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ సున్నం వేయలేదు. వేసిన కొత్తలో బూడిద రంగులో ఉన్న ఆ రేకులు వానలకు నాచు పట్టి, ఎండలకు ఆ నాచు మాడి, ఇప్పుడు దాదాపు నల్లగా ఉన్నాయి. వేసవిలో పన్నెండు దాటితే ఆ ఇంట్లో మనిషి ఉండలేడు. చిన్నమ్మ నులకమంచం తీసుకెళ్లి వేపచెట్టు కింద వేసుకుంటుంది. వడగాలి ముదిరితే చెట్టు కింద కూడా కుదరక, రామాలయం మండపంలోకి వెళ్లి, అక్కడ అప్పటికే చేరిన ఆడవాళ్ల మధ్య ఒక మూల కూర్చుంటుంది. సొంత ఇల్లు ఉండి, పట్టా ఉండి, కరెంటు మీటరు ఉండి, ఏటా రెండు నెలలపాటు పగలంతా ఆ ఇంటి బయట గడిపే మనిషిని ఇల్లున్న మనిషి అనవచ్చా అని నేను చాలాకాలం ఆలోచించలేదు. ఆలోచించవలసిన పనిలోనే ఉండి కూడా ఆలోచించలేదు.

బలహీన వర్గాల కాలనీల నిర్మాణంలో నేను చాలా ఏళ్లు సైటు ఇంజనీరుగా పనిచేశాను. పునాదికి ఎంత రాయి, గోడకు ఎన్ని ఇటుకలు, శ్లాబుకు ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని కిలోల ఇనుము అన్నది ఎస్టిమేటులో పైసాతో సహా ఉండేది. నేను సంతకం పెట్టిన ఆ కాగితాల్లో, ఆ కప్పు మీద పడబోయే ఎండ కోసం ఒక్క పద్దు కూడా లేదు. శ్లాబు కారకుండా ఉంటే చాలు, బిల్లు అయిపోయేది. ఆ ఇళ్లలోకి చేరినవాళ్లు మొదటి వేసవిలో ఎలా ఉన్నారో చూడటానికి నన్ను ఎవరూ పంపలేదు, నాకై నేనూ వెళ్లలేదు. ఈ వ్యాసం రాయడానికి మొదటి కారణం అదే.

ఎండ లెక్క ఏమంత కష్టమైనది కాదు. వేసవిలో సూర్యుడు మనకు నడినెత్తిన ఉంటాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. గుంటూరు, నరసరావుపేట వైపు ఆ రోజు ఇంకా ముందే, మే మొదటి వారంలోనే వస్తుంది. అంటే ఎండ ముదిరే రోజుల్లో గోడల మీద కంటే కప్పు మీద పడే వేడే ఎక్కువ. ఆకాశం నిర్మలంగా ఉన్న వేసవి మధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు ఒక కిలోవాటు శక్తి పడుతుంది. కేంద్రం పేదల ఇళ్ల పథకమైన గ్రామీణ ఆవాస్ యోజనలో ఇంటికి నిర్ణయించిన కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. అంత కప్పు మీద పన్నెండు గంటల వేళ పడేది 25 కిలోవాట్లు. చాకలి కొట్లో పెట్టే కరెంటు ఇస్త్రీ పెట్టె ఒక్కటి సుమారు ఒక కిలోవాటు తీసుకుంటుంది కాబట్టి, పాతిక ఇస్త్రీ పెట్టెలను బోర్లించి కప్పు మీద ఉంచినట్టు అనుకోవచ్చు. నాచు పట్టి నల్లబడిన రేకు అందులో అత్యధిక భాగాన్ని తాగేస్తుంది. సున్నం కొత్తగా వేసిన తెల్లటి కప్పు సుమారు నాలుగింట మూడు వంతులను తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. ఈ తేడాకు కరెంటు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. రంగు మారితే చాలు.

రేకుకూ శ్లాబుకూ వేడి విషయంలో స్వభావం వేరు. సిమెంటు రేకు మందం ఆరు మిల్లీమీటర్లు. ఎండ పడిన కొద్ది నిమిషాల్లోనే దాని అడుగు భాగం కూడా పై భాగమంత కాలుతుంది. మిట్టమధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడుకుంటే నుదురూ చెంపలూ విడిగా వేడెక్కుతున్నట్టు తెలుస్తుంది. అది గాలి వేడి కాదు, కుంపటి ముందు కూర్చున్నవాడికి తగిలే సెగలాంటిది. అందుకే ఆ గదిలో ఫ్యాను వేసినా సుఖం ఉండదు. ఫ్యాను రేకు కింద పేరుకున్న వేడి గాలిని కిందికి తోస్తుంది తప్ప సెగను ఆపలేదు. అయితే రేకుకు ఒక మంచి గుణం ఉంది. పొద్దు కుంకాక తొందరగా చల్లారుతుంది. శ్లాబు అలా కాదు. నాలుగున్నర, అయిదు అంగుళాల కాంక్రీటు పొద్దున్నుంచీ వేడిని మింగుతూ, దాన్ని సాయంత్రం నుంచి లోపలికి వదలడం మొదలుపెడుతుంది. రాత్రి తొమ్మిది గంటలకు స్టూలెక్కి శ్లాబు అడుగున అరచేయి ఆనించి చూస్తే, అప్పుడే దించిన అన్నం గిన్నె పక్కన చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. బయట చల్లబడుతున్న వేళకు లోపల కాగుతుంది. డాబా మీద పడుకునే వీలు ఉన్నవాళ్లు పైకి పోతారు. పసిబిడ్డలున్న బాలింతలూ, మెట్లు ఎక్కలేని ముసలివాళ్లూ, తలుపు తాళం పెట్టి ఒంటరిగా ఉండే ఆడవాళ్లూ లోపలే ఉడికిపోతారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వేడి గురించి మాట్లాడగానే చాలామంది పాత పూరిళ్లను తలుచుకుని, తాటాకు కప్పు కింద ఎంత చల్లగా ఉండేదో అంటారు. చల్లగా ఉండేది నిజమే. పెంకుటింట్లోనూ, రాయలసీమ మట్టి మిద్దెలోనూ వేడి తెలిసేది కాదన్నదీ నిజమే. కానీ ఎండాకాలంలో ఒక నిప్పురవ్వకు వీధి వీధంతా తగలబడిపోవడం మా తాతల తరం కళ్లారా చూసింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పూరిళ్లు ఏమయ్యాయో కృష్ణా జిల్లా మరిచిపోలేదు. తెలంగాణ పల్లెల్లో కోతులు పెంకులు ఊడబీకుతుంటే ఏటా తిరగవేయించలేక రేకులకు మారినవాళ్లు ఎందరో ఉన్నారు. పూరిపాక నుంచి రేకులకు, రేకుల నుంచి శ్లాబుకు రావడం ఒక్కో కుటుంబానికి రెండు మూడు తరాల కష్టం. ఆ శ్లాబును తప్పుపట్టి వెనక్కి వెళ్లమనడం ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకే తోస్తుంది. నేను అడుగుతున్నది ఆ కష్టంతో వచ్చిన కప్పును అలాగే ఉంచి, దాన్ని మనిషి ఉండదగినదిగా చేయమని.

ప్రభుత్వాల చూపు ఎప్పుడూ కొత్త ఇంటి మీదే ఉంటుంది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మొదలుకొని, 2006లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఇందిరమ్మ కార్యక్రమం, 2015 నాటి పట్టణ ఆవాస్ యోజన, తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇళ్లు, అన్నీ ఎన్ని కొత్త ఇళ్లు కట్టామన్న లెక్కతోనే నడిచాయి. పట్టణ ఆవాస్ యోజనలో ఉన్న ఇంటిని మెరుగుపరుచుకోవడానికి కూడా సాయం ఉండేది కానీ, ఆ మెరుగుదలకు అర్థం కనీసం 9 చదరపు మీటర్లు అదనంగా కట్టడం. అంటే గది పెంచితే అది మెరుగు, ఉన్న గదిని చల్లబరిస్తే కాదు. ఇక ఇళ్లలోకి వేడి రాకుండా కట్టాలని కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పు నుంచి ఎంత వేడి లోపలికి రావచ్చో చక్కగా పరిమితి పెట్టింది. కాకపోతే అది 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో కట్టే భవనాలను ఉద్దేశించినది. రెండు సెంట్ల స్థలంలో కట్టుకున్నవాడి గడప దాకా ఆ నియమం రాదు.

ఈ విషయంలో దేశంలో ముందడుగు వేసిన రాష్ట్రం తెలంగాణ అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని కప్పుల విధానంలో, 2028 నాటికి రాష్ట్రం మొత్తం మీద 300 చదరపు కిలోమీటర్ల కప్పును వేడిని తిప్పికొట్టేదిగా మార్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో 200 హైదరాబాదులోనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేశారు. నివాస భవనాల్లో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి, అంతకంటే తక్కువైతే ఇష్టపడితే వేసుకోవచ్చు. పేదవాడి మీద కొత్త నిబంధన రుద్దకూడదన్న దృష్టితో ఇలా పెట్టి ఉంటారని నేను అర్థం చేసుకోగలను. ఆ దృష్టి మంచిదే. అయితే తప్పనిసరి చేయకపోవడం వేరు, చేసి పెట్టకపోవడం వేరు. 600 గజాల్లో ఇల్లు కట్టేవాడికి సాధారణంగా ఏసీ ఉంటుంది, పైన ఇంకో అంతస్తు ఉంటుంది. ఎండ తన నెత్తి మీద నేరుగా పడేవాడు 60 గజాల్లో ఒక్క అంతస్తు రేకుల కింద ఉన్నవాడు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు అది ఇష్టాయిష్టాల సంగతిగా మిగిలింది.

ఎందుకిలా జరుగుతుందని ఆలోచిస్తే, లోపం మనం వాడే కొలబద్దలో ఉందని నాకు అనిపిస్తుంది. ఇంధన పొదుపు అనగానే ఎన్ని యూనిట్లు ఆదా అయ్యాయని అడుగుతాం. ఏసీలు నడిచే ఇంట్లో కప్పు చల్లబడితే మీటరు నెమ్మదిస్తుంది, ఆదా కాగితం మీద కనిపిస్తుంది, పెట్టిన ఖర్చు ఎన్నేళ్లలో తిరిగి వస్తుందో లెక్క తేలుతుంది. మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. కప్పు చల్లబడితే ఆమె ఫ్యాను ఆపదు. నిజానికి ఇన్నాళ్లూ చెట్టు కింద గడిపిన మధ్యాహ్నాలు ఇంట్లో గడుపుతుంది కాబట్టి ఫ్యాను ఇంకా ఎక్కువ తిరుగుతుంది. యూనిట్ల లెక్కలో చూస్తే ఆ ఇంటికి చేసిన పని నష్టం కింద తేలుతుంది! వాడలేక వాడనివాడి దగ్గర ఆదా ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ చిక్కును ఎదుర్కొని, దారి చూపించిన చోటు దక్షిణాఫ్రికాలో ఉంది. కేప్‌టౌన్ శివార్లలోని ఖాయెలిత్షాలో కుయాసా అనే పేదల కాలనీ ఉంది. ప్రభుత్వం కట్టించిన ఆ చిన్న ఇళ్లకు పైన రేకు తప్ప లోపల సీలింగు ఉండేది కాదు. వాళ్ల బాధ మన బాధకు తలకిందులు. చలికాలంలో రేకు అడుగున తేమ పట్టి చుక్కలు చుక్కలుగా మీద పడేది, పిల్లలకు దగ్గూ ఆయాసమూ తగ్గేవి కావు. అక్కడ సుమారు 2,300 ఇళ్లకు లోపల వేడిని నిలిపే సీలింగు, పైన సౌర నీటి హీటరు, తక్కువ కరెంటు తీసుకునే బల్బులు అమర్చారు. కర్బన ఉద్గారాల తగ్గింపుకు ప్రతిఫలం ఇచ్చే అంతర్జాతీయ ఏర్పాటులో 2005లో ఆఫ్రికా నుంచి మొదట నమోదైన పథకం అదే. నమోదు చేసేటప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. ఈ కుటుంబాలు ఇప్పటిదాకా ఇంటిని వెచ్చబరుచుకోలేకపోయాయి కదా, ఇక తగ్గించడానికి ఏముంది అని. దానికి ఇచ్చిన జవాబు నాకు చాలా నచ్చింది. డబ్బు లేక చంపుకున్న అవసరం కూడా అవసరమే, ఆ కుటుంబం మనిషిలా బతకడానికి ఎంత శక్తి కావలసి ఉండేదో దాన్ని ప్రమాణంగా తీసుకుని, అక్కడి నుంచి తగ్గింపును లెక్కకట్టాలి. మన గృహనిర్మాణ శాఖల్లో, విద్యుత్ సంస్థల్లో ఈ ఒక్క మాట పాతుకుంటే సగం పని అయినట్టే.

డబ్బు లెక్కే కావాలనేవారికి కూడా జవాబు ఉంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లు సున్నా వస్తోంది. ఆ కరెంటు ఖర్చును విద్యుత్ పంపిణీ సంస్థలకు ప్రభుత్వం చెల్లిస్తుంది. కాబట్టి అలాంటి ఇంట్లో తగ్గే ప్రతి యూనిట్ మిగిల్చేది ఖజానాకే. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూగా అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్ల తేడా. ఉచిత విద్యుత్తు ఇస్తున్న ప్రభుత్వం ఆ ఇంటి ఫ్యాను మార్చి, ఆ ఇంటి కప్పు తెల్లబరిస్తే తన ఖర్చు తానే తగ్గించుకున్నట్టు. ఇంటివాడికి బిల్లు సున్నా కాబట్టి తనంతట తాను రెండు మూడు వేలు పెట్టి కొత్త ఫ్యాను కొనడు, కొనమనడం కూడా భావ్యం కాదు.

అయినా నా ఉద్దేశంలో ఇది ప్రధానంగా విద్యుత్ శాఖ పని కాదు, ఆరోగ్య శాఖ పని. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు పదిహేను వందల మందికి పైగా పోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. వడదెబ్బ అంటే ఎండలో పడిపోయిన కూలీ మనకు గుర్తుకొస్తాడు. ఇంట్లో పడుకుని, రాత్రుళ్లు కూడా ఒళ్లు చల్లబడక, నాలుగో రోజున గుండె ఆగిన ముసలివాడు ఆ లెక్కలోకి సాధారణంగా రాడు. అహ్మదాబాదులో 2010 మే నెలలో అంతకు ముందు ఏళ్లతో పోలిస్తే అదనంగా 1,344 మరణాలు నమోదయ్యాయని తరవాత అధ్యయనంలో తేలింది. ఆ దెబ్బతోనే ఆ నగరం 2013లో దేశంలో మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. అదే నగరంలోని ఒక మునిసిపల్ ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డు పై అంతస్తులో, నేరుగా కప్పు కింద ఉండేది. వేడి దెబ్బ తగిలిన పసికందుల సంఖ్య చూసి డాక్టర్లు ఆ వార్డును కింది అంతస్తుకు మార్చారు, కేసులు తగ్గాయి. మందు మారలేదు, నర్సులు మారలేదు. బిడ్డకూ ఎండకూ మధ్య ఇంకో కప్పు చేరింది. ఒక్క గది ఇంట్లో పుట్టిన బిడ్డను మార్చడానికి కింది అంతస్తు ఉండదు.

మన దగ్గర కూడా చేసి చూసిన చోటు ఉంది. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి, అలా పరచని ఇళ్లతో పోల్చి చూశారు. లోపల సగటున రెండు డిగ్రీల తేడా వచ్చింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. జ్వరం వచ్చిన బిడ్డకు రెండు డిగ్రీలు ఎంతో కన్నతల్లిని అడగాలి. పైగా థర్మామీటరు గాలి వేడినే చెబుతుంది, నేను ముందు చెప్పిన సెగను చెప్పదు. రేకు ఉపరితలం చల్లబడితే తగ్గేది ముఖ్యంగా ఆ సెగ. అందుకే కాగితం మీద రెండు డిగ్రీలైనా ఒంటికి అంతకంటే ఎక్కువ తేడా తెలుస్తుంది.

ఇవన్నీ ఒప్పుకున్నవాళ్లు కూడా ఆగిపోయే చోటు అద్దె ఇళ్ల దగ్గర. పట్టణాల్లో పేదలందరూ ఉండేది సొంత ఇళ్లలో కాదు. ఖాళీ స్థలంలో వరసగా ఏడెనిమిది రేకుల గదులు వేసి, చివర ఉమ్మడి బాత్రూము కట్టి అద్దెకిచ్చే లోగిళ్లు విజయవాడలో, గుంటూరులో, వరంగల్లులో వీధికొకటి కనిపిస్తాయి. ఓనరుకు ఆ వేడి తగలదు కాబట్టి ఖర్చు పెట్టడు. అద్దెకున్నవాడు వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియని ఇంటి మీద ఎందుకు పెడతాడు? సబ్సిడీ ఇస్తాం, దరఖాస్తు పెట్టుకోండి అంటే, ఇంటి పన్ను రసీదు ఎవరి పేరున ఉందో వాడే పెట్టాలి, వాడు పెట్టడు. అక్రమ నిర్మాణం అన్న భయం ఉంటే అసలే బయటపడడు. లబ్ధిదారును ఎంపిక చేసి, ఖాతాలో డబ్బు వేసి, ఫోటో తీసి బిల్లు చేసే మన అలవాటు పద్ధతి ఇక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

దీనికి నమూనా మన వీధుల్లోనే ఉంది. దోమల మందు కొట్టడానికి మునిసిపాలిటీ మనుషులు వచ్చినప్పుడు ఈ ఇల్లు ఎవరిదని అడగరు. పట్టా చూపించమనరు, ఓనరు సంతకం తెమ్మనరు. వీధి మొత్తం కొట్టుకుంటూ పోతారు. కప్పుకు సున్నం వేయడం కూడా అలాగే జరగాలన్నది నా వాదన. వార్డును యూనిట్‌గా తీసుకుని, ఒక్క అంతస్తు రేకుల ఇళ్లూ శ్లాబు ఇళ్లూ ఎక్కడ ఒత్తుగా ఉన్నాయో గుర్తించి, ఇంటివాళ్లు వద్దంటే తప్ప వరసగా వేసుకుంటూ పోవాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, ఆ తరవాత మొదలుపెట్టి ఉగాదికి ముగించాలి. మందు కొట్టడం ఏటా చేస్తారు, ఇదీ ఏటా చేయవలసిందే. తెల్లదనం దుమ్ముకు మాసిపోతుంది, వానకు కరుగుతుంది, ఒక్కసారి వేసి వదిలేస్తే ప్రయోజనం లేదన్న అభ్యంతరం తరచూ వింటాను. నిజమే, సున్నం ఒక వానాకాలం దాటాక సగం పోతుంది. ఖరీదైన పూతలు ఎక్కువ ఏళ్లు నిలుస్తాయి కానీ అవీ మాసిపోతాయి, కడుగుతూ ఉండాలి. ఏటా చేసే పని అని ఒప్పుకుంటే ఇది లోపం కాదు. మనకు కప్పు చల్లగా కావలసింది మార్చి నుంచి జూన్ దాకా, సున్నం కొత్తగా ఉండేదీ ఆ నెలల్లోనే.

సున్నం ఎలా వేయాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తప్పుగా వేసి, నాలుగు రోజుల్లో పొడి రాలిపోయిందని వదిలేసినవాళ్లను చూశాను. మెత్తటి సున్నాన్ని ముందు రోజు రాత్రే నీళ్లలో నానబెట్టాలి. పొద్దున్నే పాత చీర గుడ్డతో వడకట్టాలి. పట్టు కోసం పాతకాలంలో తుమ్మజిగురు కలిపేవారు, ఇప్పుడు ఫెవికాల్ కలుపుతున్నారు, ఏదైనా సరే. కప్పును తడిపి, తడి ఆరకముందే పొద్దున గానీ పొద్దు వాలాక గానీ వేయాలి. కాలుతున్న కప్పు మీద వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై సున్నం పట్టకుండా పొడిగా మిగిలిపోతుంది. ఒక పూత పలచగా వేసి, ఆరాక రెండోది వేయాలి. ఒకేసారి చిక్కగా వేస్తే పెచ్చులు లేస్తుంది. కళ్లలో పడితే సున్నం కాల్చేస్తుంది కాబట్టి కళ్లద్దాలు తప్పవు. మిరప తోటలకు మందు కొట్టే తైవాన్ పంపుతో కొట్టవచ్చునని మా ఊరి కుర్రవాడు చెప్పి చేసి చూపించాడు. రెండుసార్లు వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది, అంతే.

రేకుల విషయంలో మరో జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. పాత సిమెంటు రేకు మీద అడుగు పెట్టకూడదు. పైకి గట్టిగా కనిపిస్తూనే పెంకులా విరిగి, మనిషి కింద పడతాడు. నిచ్చెన మీద నిలబడి పొడుగు కర్రకు కట్టిన బ్రష్‌తో గానీ, కింద దూలాల మీదికి వచ్చేలా అడ్డంగా వేసిన చెక్క మీద నుంచి గానీ మాత్రమే వేయాలి. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. దాన్ని పీలిస్తే ఊపిరితిత్తులకు జీవితకాలం ముప్పు. నాచు పోవాలని ఇనప బ్రష్‌తో పొడిగా గీకితే ఆ పీచు గాలిలోకి లేస్తుంది. బాగా తడిపి, మెత్తటి చీపురుతో తుడవాలి, రంధ్రాలు వేయకూడదు. తమ గనులు మూతపడ్డా బయటి దేశాల నుంచి ఆ పీచును తెప్పించుకుని రేకులు చేస్తూనే ఉన్న దేశం మనది. అసలు పేదవాడి నెత్తి మీద ఆ రేకు ఉండకూడదనేది వేరే పెద్ద పోరాటం. అది గెలిచేదాకా ఉన్న రేకుతో ఎలా బతకాలో కూడా చెప్పాలి కదా.

సున్నం ఒక్కటే సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. శ్లాబు ఇళ్లకు తెలుపుతో పాటు మీద నీడ పడితే ఇంకా మేలు. రేకుల మీదికి సొరపాదో బీరపాదో పాకించడం మన ఆడవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. కప్పు కిందుగా, ఎదురెదురు గోడల్లో రెండు చిన్న కంతలు ఉంటే పేరుకున్న వేడి గాలికి దారి దొరుకుతుంది. రేకుల అడుగున సీలింగు వేసుకోవడమూ మంచిదే కానీ, చవకని థర్మోకోల్ వేసుకుంటే పొయ్యి అదే గదిలో ఉన్న ఇంట్లో నిప్పుతో చెలగాటం. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో కప్పు చల్లబడినంత మాత్రాన ఉక్క పోదు, గాలి ఆడాలి. ఏజెన్సీ కొండల్లో, ఆదిలాబాదు వైపు చలికాలంలో తెల్లకప్పు వల్ల కొంచెం చలి ఎక్కువ కావచ్చు. ఇవన్నీ చోటును బట్టి సర్దుకోవలసిన సంగతులు. ముందు చేయవలసింది, అన్నింటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది మాత్రం కప్పు మీది పనే. ఊళ్లలో దీన్ని మహిళా సంఘాలకు అప్పగించవచ్చు. పొదుపు, అప్పు, లెక్క వాళ్లకు కొత్త కాదు. పైగా ఆ వేడి కింద వంట చేసేదీ, మధ్యాహ్నమంతా బీడీలు చుట్టేదీ, అప్పడాలు ఒత్తేదీ, బట్టలు కుట్టేదీ వాళ్లే కాబట్టి ఏ కప్పు ముందు వేయాలో ఏ అధికారీ వాళ్లకు చెప్పనక్కరలేదు.

మొన్న శివరాత్రి వెళ్లిన వారానికి చిన్నమ్మ ఇంటి రేకులకు సున్నం వేశాం. మొదట ఆమె ఒప్పుకోలేదు. "కప్పుకు సున్నమేందిరా అబ్బాయ్, కాకులు చూడటానికా?" అంది. రెండో పూత ఆరిన మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు నేను వెళ్లేసరికి మంచం వేపచెట్టు కింద లేదు. చిన్నమ్మ లోపల గుమ్మానికి ఎదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి ఏమీ అనలేదు, పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. బకెట్టు అడుగున ఇంకా కొంత సున్నం మిగిలింది. పక్క వాటాలో అద్దెకుంటున్న అమ్మాయికి మూడు నెలల పాప. వాళ్ల ఓనరు ఊళ్లో ఉండడు, ఎవరినీ అడగకుండానే ఆ వరండా మీది రెండు రేకులకు మిగిలిన సున్నం వేసేశాం. రెండు రోజుల తరవాత నేను తిరుగు ప్రయాణానికి బయల్దేరుతుంటే, ఇన్నాళ్లూ లోపలి గదిలో దూలానికి వేలాడిన చీర ఉయ్యాల వరండాలోకి మారి ఉంది.